గృహారోగ్యము: చలిజ్వరమునకు మందు పనిచేయకుండు టెట్లు?



చలిజ్వరమునకు మాత్రలు మ్రింగిన రెండవనాటికే వడకు తగ్గును. రోగి లేచి గంజి త్రాగును. అంతట మిగిలిన మాత్రలను గూటిలో దాచి, "మరల వచ్చిన పనికివచ్చును" అనుకొను వాడుక మన యిండ్లలో గలదు. ఈ పొదుపు ఆ యింటికేగాక ఊరికంతకును కీడు. ఎట్లో వినుడు.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదునందు రోనాల్డు రాసుగారు దోమ కడుపులో ఈ జ్వరక్రిమిని కనుగొనిరి. దోమకాటుతో దేహమున జొచ్చిన క్రిమి నెత్తుట కోట్లకొలది యగును. అన్ని కోట్లలో ఏ యొకటి రెండో పుట్టుకలోనే కొంత భేదమంది మందునకు సులభముగ లొంగవు. మందు చాలనిచో బలహీనములు చచ్చి ఆ మొండివి మిగులును. పోటీ లేనందున అవియే పెరుగును. దోమ వానినే పొరుగింటికి మోయును. పత్తిచేలపై ఒకే మందు పలుమారు చల్లగా పురుగు చావకుండుట మన పలనాటి రైతు లెరిగినదే, ఇదియు నట్టిదే. "ఒంటికి మందు అలవాటుపడిన" దనుట సరికాదు. మారినది దేహము గాదు, క్రిమి.

క్లోరోక్విను గతి యిట్లే యయ్యెను. మొండి క్రిమి యా మందును తన లోపలినుండి వెలికి నెట్టివేయ నేర్చెను. మన దేశమున నీ సంగతి 1973లో అస్సామునందు మొదట బయలుపడెను. అందుచేత ఫాల్సిపారమను ప్రమాదకరమైన జాతికి ఇప్పుడు ఆర్టిమిసినిను వర్గపు మందును వేరొక మందుతో జతచేసి 3 దినము లిచ్చుచున్నారు. ఒకదానిని తప్పించుకొన్నది రెండవదానికి చిక్కునని యుద్దేశము. ఆర్టిమిసినినును వెలికిదీసిన చీనాదేశపు విదుషి తూ యూయూగారు 2015లో నోబెలు బహుమానము నందిరి. కాని కాంబోడియాలో ఈ మందునకును క్రిమి నెమ్మదిగా గాని లొంగకుండుట 2008 నాటికే కనబడెను.

వైవాక్సు జాతి కాలేయమున దాగి, నెలల పిదపనైనను మరల లేచును. దానిని నిర్మూలించుటకు ప్రైమాక్వినును 14 దినములు వాడుదురు. గర్భిణులకును చంటిబిడ్డలకును అది తగదు. వైద్యు నడుగక యెవ్వరికిని ఈయరాదు.

కావున నెత్తురు పరీక్ష చేయింపక మందు మొదలిడకుడు. జ్వరము విడిచినను కడపటి మాత్రవరకు దగ్గరనుండి మ్రింగింపుడు. మ్రింగినవెంటనే వాంతియైనచో వైద్యునకు తెలుపుడు. ఒకరి మాత్రలు మరియొకరికి పంచకుడు. మందు ముగిసినను జ్వరము విడువనిచో మరల పరీక్ష చేయింపుడు. దోమతెర కట్టుట, వాకిట నీరు నిలువనీయకుండుట యెన్నడును మానకుడు. ఉన్న మందు చెడినచో క్రొత్తమందు దొరకుటకు ఏండ్లు పట్టును; నేడు మిగిల్చిన రెండు మాత్రలకు రేపు పొరుగింటి పసిపాప వెల చెల్లింపవలసి వచ్చును.