చెరువు పూడ్చిందెవరు?

చెరువు పూడిక అందరూ తీస్తే అందరి పొలమూ పండుతుంది. పక్కవాడు తీస్తాడులే అని ఎవరికి వారు కూర్చుంటే చెరువు తుమ్మల పాలవుతుంది. ఇలాంటి చిక్కునే గేమ్ థియరీ 'ఖైదీల సందిగ్ధం' అంటుంది. వాతావరణ చర్చల్లో దేశాల తీరూ ఇదే. ఊళ్లో అయితే వంతు తప్పినవాడికి పెద్దమనుషులు జరిమానా వేస్తారు. క్యోటో ఒప్పందం వదిలేస్తున్నామని 2011లో కెనడా అంటే అడిగే నాథుడే లేడు.

అయితే ఈ లెక్కతో మాకో పేచీ ఉంది. ఆటగాళ్లంతా సమానమేనంటే, చెరువు పూడ్చిందెవరన్న ప్రశ్నే మాయమవుతుంది. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చాయి. ఆ మొత్తం చేరింది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పే. వాన మొహం చాటేసి విత్తనం రెండోసారి కొన్న రైతుకు మళ్లీ అప్పేనా? మన ప్రభుత్వం అక్కడ అడగాల్సింది పరిహారం.