ఆకు మనది, ఒళ్లు మనది, వాటా ఎవరిది?

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ప్రొఫెసర్ మందుల కంపెనీ పెడితే మాకు అభ్యంతరం లేదు. 1976లో అమెరికాలో హెర్బర్ట్ బోయర్ అనే ప్రొఫెసర్ ఒక పెట్టుబడిదారుతో కలిసి జెనెన్‌టెక్ స్థాపించారు. ఆ కంపెనీ ల్యాబు వల్లే మానవ ఇన్సులిన్ బ్యాక్టీరియాలో తయారై చక్కెర జబ్బు వాళ్లకు అందింది. అమెరికాలో పరిశోధన చేసిన కృష్ణ ఎల్లా తిరిగొచ్చి 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ పెట్టారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల్లో దొరికిన వైరస్‌తో ఆ కంపెనీ రోటావైరస్ టీకా చేసింది. మంచిదే. చదువు మందుగా మారాల్సిందే.

మా ప్రశ్న వేరు. మందు పుట్టుకలో మూడు మెట్లున్నాయి. మొదటిది ఆకు, దాని గురించిన తెలివి. నడిమిది ల్యాబు, పేటెంటు, కంపెనీ వాటాలు. చివరిది మనుషుల ఒంటి మీద పరీక్ష. మొదట్లో మనల్ని పిలుస్తారు, చివర్లో మనల్ని పిలుస్తారు. నడుమ మాత్రం మనం ఉండం. డబ్బు పుట్టేది ఆ నడుమనే.

మొదటి మెట్టు చూడండి. 1987లో కేరళ అగస్త్య కొండల్లో ప్రభుత్వ ఉద్యానవన సంస్థ శాస్త్రవేత్తలకు కాణి ఆదివాసులు దారి చూపారు. అలసట తీర్చే ఆరోగ్యపచ్చ కాయలనూ వాళ్లే చూపారు. దాంతో జీవని అనే మందు తయారైంది. 1995లో దాన్ని 10 లక్షల రూపాయలకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చారు. అందులో సగం కాణిలకు ఇస్తామన్నారు. దేశంలో ఇదే గొప్ప ఉదాహరణ అని ఇప్పటికీ చెబుతారు. కానీ ఆ ఒప్పందంలో కాణిలు పక్షం కాదు. ఇచ్చేవాడే లెక్క కట్టి ఇచ్చినదాన్ని వాటా అనరు, దయ అంటారు.

కోరుట్ల చేలలో పండే పసుపు సంగతి కూడా అంతే. గాయానికి పసుపు పెట్టడం ఏ అవ్వనడిగినా చెబుతుంది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం దాని మీదే పేటెంటు తీసుకుంది. మన దేశ శాస్త్ర పరిశోధన మండలి పాత రాతల ఆధారాలు చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. పసుపుకు రాత ఉంది. మన పసరు వైద్యానికి రాత ఎక్కడుంది? రేపు ఎవరైనా పేటెంటు తీసుకుంటే ఏ కాగితం చూపిస్తాం?

ఇక చివరి మెట్టు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాకు పునాది వేసిన వాళ్లలో ఆస్ట్రేలియా ప్రొఫెసర్ ఇయాన్ ఫ్రేజర్ ఒకరు. తర్వాత ఆయన కంపెనీ కూడా పెట్టారు. మంచి టీకా అది, మన ఆడపిల్లలకు కావాలి కూడా. అయినా 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు ఆ టీకా వేసినప్పుడు ఏం జరిగింది? అందులో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

తోటి ఉపాధ్యాయులారా, ఆ సంతకాలు మన వృత్తి వాళ్లవే. పిల్లల హాజరు వేసే హక్కు మనకుంది. పిల్లల ఒంటిని రాసిచ్చే హక్కు లేదు.

కంపెనీ మనిషి వస్తే గూడెం అనుమానిస్తుంది. కాలేజీ సారు వస్తే మంచం వాల్చి కూర్చోబెడుతుంది, అడవంతా తిప్పి చూపిస్తుంది. ఆ మర్యాద చదువుకు ఇచ్చినది. ఆ సారుకే కంపెనీలో వాటా ఉంటే, ఆ మాట ముందే చెప్పాలి. చెప్పకుండా తీసుకుంటే అది పరిశోధన కాదు, బేరం. అదీ ఒక పక్షానికే తెలిసిన బేరం.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు, పెసా చట్టం మనకు వర్తించదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యంపై మన సంప్రదాయ జ్ఞానాన్ని సామూహిక హక్కుగా గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో కమిటీ ఉండాలి, రిజిస్టర్ రాయాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఊరి రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. లేకుంటే రాయించండి. పెద్దల పేర్లతో, మన భాషలో చెట్ల పేర్లతో రాయించండి. ఏది రాయాలో, ఏది దాచుకోవాలో ఆ పెద్దలే చెప్పాలి.

జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది. మన పిల్లలు అలాంటి చోట్ల చదివి ల్యాబుల్లోకి వెళ్లాలి, రేపు కంపెనీలూ పెట్టాలి. నడిమి మెట్టు మీద మనవాళ్లు నిలబడే దాకా, గూడేనికి వచ్చిన ప్రతి పెద్దసారునూ మర్యాదగా ఒకటే అడుగుదాం: మీరు ఈరోజు సారుగా వచ్చారా, కంపెనీ భాగస్తుడిగా వచ్చారా? జవాబు కాగితం మీద రాసి ఇచ్చాకే ఆకు తెంపనిద్దాం.