గృహిణి ముచ్చటలు: అటకమీది వల



గడచిన మాసమున పగిలిన జాడీలను గుఱించి వ్రాసితిని. ఈ మాసము వంటయింటిని విడిచి అటక యెక్కవలసివచ్చినది. "వలలు, గాలములు పురుషుల సామగ్రి గదా, మనకేల?" యని మీలో కొందఱు ముఖము చిట్లింతురేమో. కొంచెమోర్చుకొని చదువుడు. ఇందు నేను చేసిన తప్పొకటి కలదు. దానిని మీతో చెప్పుకొనినగాని నా మనస్సునకు నెమ్మది లేదు.

మా యత్తవారిది గంగపుత్రుల కుటుంబము. మా మామగారు యౌవనమున సరూరునగరు చెఱువులో చేపలు పట్టి యిద్దఱు కొడుకులను చదివించిరి. పెద్దవారు, అనగా మా యింటివారు, బడిపంతులైరి. చిన్నవాడు, మా మఱది, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. దిల్‌సుఖ్‌నగరునకును ఎల్బీనగరునకును నడుమ, రెండు గదుల యింట మేము నివసించుచున్నాము. అత్తగారు గతించి రెండేండ్లయినది. అప్పటినుండి మామగారి మాటలు తఱిగినవి. అమెరికానుండి ఆదివారము ఫోను వచ్చును. "తిన్నావా?" "తిన్న." "మందు వేసికొన్నావా?" "వేసికొన్న." అంతటితో తండ్రికొడుకుల సంభాషణ ముగియును.

పోయిన మార్గశిరమున మా మఱది యొక వింత సంగతి చెప్పెను. మిన్నెసోటాలో పది యెకరములకు తక్కువ గాని చెఱువులు 11,842 కలవని ఆ రాష్ట్రమువారి లెక్క. చలికాలమున నవి గడ్డకట్టును. జనులు ఆ మంచుపలకమీద నడచిపోయి, జానెడు రంధ్రము తొలిచి, అందు గాలము విడిచి గంటలకొలది కూర్చుందురట. మంచు నాలుగంగుళముల మందమున్నగాని కాలు మోపరాదని అచ్చటి యధికారులు హెచ్చరింతురు. మంచుక్రింద చేపలెట్లు బ్రదుకునని నేనడిగితిని. నీరు 4 సెంటీగ్రేడు డిగ్రీల యొద్ద మిక్కిలి బరువుగ నుండును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయగును గనుక మంచు పైననే తేలును. అడుగున నీరు నీరుగనే నిలుచును. మా యింటివారు దీనిని బడిలో ఏటేట చెప్పుదురు గాని, నాకు ఆ దినముననే మనస్సునకెక్కినది.

అక్కడ నొక యింటివారు వాకిట పాత సామానులు పెట్టి అమ్ముచుండగా, మా మఱది మంచును తొలుచు చేతిబరమా యొకటి, రెండడుగుల పొట్టి గాలపుకఱ్ఱ యొకటి, శిలువవలెనున్న కొయ్యపనిముట్లు రెండు కొనెను. ఈ కొయ్యను రంధ్రమున కడ్డముగ నుంచుదురు. దాని క్రింద దారపుచుట్ట నీటిలో మునిగియుండును. చేప ఎఱను లాగినంతనే చుట్ట తిరిగి, వంచిపెట్టిన తీగ విడివడి, చిన్న జెండా పైకి లేచును. చేప తానే జెండా యెత్తి తన రాకను చాటుకొనుట చూచి నవ్వుకొంటిని. అన్నియు తుప్పుపట్టియున్నవి. వానిని మరల వాడుకకు తెచ్చుటెట్లని వాడు తండ్రి నడిగెను.

ఆ దినమున మామగారు అరగంట మాటలాడిరి. నేను తలుపుచాటున నిలిచి వింటిని. దారము ఎంత చక్కగ కనబడినను పాతదానిని నమ్మరాదు, అంతయు తీసివేయుమనిరి. తుప్పుపట్టిన గాలపుముల్లును సాన పట్టరాదు, పాఱవేయవలెను. కొత్త ముడిని బిగించుటకు ముందు తడి చేయవలెను. పొడిగ బిగించినచో నైలాను తన రాపిడికి తానే కాలి బలహీనపడును. బరమా అంచును వెనుకటి వాలు చెడకుండ రాతిమీద మెల్లగ నూఱవలెను. చుట్టలోని పాత జిడ్డు గట్టిపడియుండును, దానిని తుడిచి పలుచని నూనె వేయవలెను. మా మఱది దీనికి మిక్కిలి యాశ్చర్యపడెను. మంచుమీద జిడ్డు బిగిసి చుట్ట తిరుగదని అచ్చటివారును నూనెయే చెప్పిరట. మంచుపలకను కన్నులార చూడని ముదుసలికి ఇది యెట్లు తెలిసెనో!

ఫోను పెట్టినపిదప మామగారు నన్ను పిలిచి, "బిడ్డా, అటకమీద నా వల ఉన్నది. దింపరాదూ" అనిరి.

నా గుండె ఝల్లుమనెను. ఏలనగా, 2020 అక్టోబరు వానలకు సరూరునగరు చెఱువు పొంగి కాలనీలలోనికి నీరు వచ్చినప్పుడు ఇంటిలోని సామానంతయు అటక కెక్కించితిమి. మఱుసటి యేడు అటక సర్దునప్పుడు ఆ సంచి నా చేతికి తగిలెను. లోన చిరిగిన వల, అంచున సీసపు గుండ్లు. వీధిలో పాత సామానులవాడు కేక వేయుచుండెను. వాడు గుమ్మమున కూర్చుండి పటకారుతో గుండ్లన్నియు కోసి, తూచి, కిలోకు ఎనుబది రూపాయల చొప్పున నాలుగు కిలోలకు సొమ్మిచ్చి, "దారానికి ధర లేదమ్మా" యని వలను వదలిపోయెను. ఆ సొమ్ముతో నేనొక స్టీలు గిన్నె కొంటిని. ఈ సంగతి ఎవ్వరికిని చెప్పలేదు. అప్పుడు చెప్పదగినదిగ తోచనులేదు.

సంచి దింపితిమి. మామగారు వల నొడిలో వేసికొని, చీర కుచ్చెళ్ళు సవరించినట్లు మెల్లగ అంచు దొరకించుకొని, దానివెంబడి వ్రేళ్ళు నడపిరి. వ్రేళ్ళు తెగిన త్రాటికొనలను తాకి యాగినవి. "గుండ్లు ఏడవాయె బిడ్డా?" అనిరి. నేను తల వంచుకొని అంతయు చెప్పితిని. ఆయన కొంతసేపు పలుకలేదు. పిదప, "కిలోకు ఎంత ఇచ్చిండు?" అని యడిగిరి. చెప్పితిని. "మోసపోయినవు" అనిరి. అంతకుమించి యొక మాట అనలేదు. అనినచో బాగుండెడిదని నాకు తోచినది.

నేను పాఠశాలకు పోయి చదివినదానను గాను. మా తాతగారు ఇంటనే అమరకోశమును, కవిత్రయ భారతమును చెప్పిరి. అమరసింహుడు వలకు ఆనాయమనియు, గాలమునకు బడిశమనియు, చేపల బుట్టకు కువేణియనియు పేర్లు చెప్పెను. దాశరాజు కూతురైన సత్యవతిని చదువునప్పుడు తాతగారి కంఠము కొంచెము గర్వముగ పలికెడిది. కల్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున వ్రాసిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. అందు చేపల జాతులు, ఎఱలు, గాలము వేయు పద్ధతియు వర్ణింపబడినవి. రాజునకు వినోదము, మా యత్తవారికి అన్నము. ఇన్ని పేర్లు నేర్చిన నాకు చేతిలోని వల యొక్క వెల తెలియకపోయెను.

మామగారి చేతులు వణకును. సూదిలో దారము నిలువదు. కావున నేనే నేర్చుకొంటిని. సూదియనగా మన కుట్టు సూది గాదు. జానెడు వెదురుబద్దను చెక్కి, మధ్య నాలుకవంటి కొన విడిచి, దానికి దారము చుట్టుదురు. కండ్లన్నియు సమానముగ వచ్చుటకు మఱియొక వెదురుపలకను కొలతగ వాడుదురు. దారమును పలకమీదుగ తెచ్చి, పైకంటిలో దూర్చి, బొటనవ్రేలితో నదిమి, మెడ చుట్టి బిగించవలెను. వ్రాయునప్పుడు సులభముగనే యున్నది. మొదటి దినమున నేను వేసిన ముడులు లాగినంతనే జాఱినవి. మామగారు కత్తెర నా ముందు పెట్టిరి. వరుస యంతయు విప్పితిని. రెండవ దినమును అట్లే.

చిరిగిన చోటును చిరిగినట్లే కట్టరాదు. మనము రవికె చిరుగును అంచులు దగ్గఱకు లాగి కుట్టుదుము. వలకట్లు చేసినచో నచ్చట ముడుతపడి, విసరినప్పుడు వల విచ్చుకొనదు. సగము తెగిన కండ్లన్నిటిని మొదట కత్తిరించి, చెడని ముడి దొరకువఱకు పోవలెను. దోసెడు చిరుగు చాటంత యగును. చూచుటకు భయము కలుగును. తరువాత పైనుండి క్రిందికి వరుస వరుసగ నల్లుకొని రావలెను. దారము బలము తెలియుటకు రెండు చేతుల నడుమ చటుక్కున లాగి చూడవలెను. సంచిలో పైపొరగ నుండి ఎండ తగిలిన భాగము పుటుక్కున తెగెను. లోపలి పొరలు గట్టిగ నిలిచినవి. నైలాను నీటికి కుళ్ళదు గాని ఎండకు చచ్చును. నూలువలలకు దీనికి తలక్రిందులు. ఆ కాలమున అత్తగారు తుమ్మచెక్కను పెద్దగంగాళములో కాచి, ఎఱ్ఱని ఆ కషాయమున వలలను నానబెట్టెడివారట. లేనిచో ఒక్క వానకాలమునకే వల చివికిపోవును. నైలాను వచ్చి ఆడువారికి ఆ చాకిరి తప్పించినది. దానికి నేను విచారపడను.

చేతిత్రాడు మాత్రము నూలుది. దానికి తుమ్మచెక్క కషాయము పట్టించితిమి. చేయుచున్నంతసేపును మామగారు అత్తగారిని గుఱించి చెప్పిరి. రెండేండ్లలో ఆయన నోట ఆమె పేరు వినుట నాకదియే మొదలు.

గుండ్ల విషయమున మాత్రము నాకును ఆయనకును వాదము జరిగినది. సీసము కొని, వంటయింటి గరిటెలో కరగించి, ఇసుకలో పోసికొందమని ఆయన. ఎనిమిదేండ్ల పిల్ల యింట తిరుగుచుండ అది కూడదని నేను. సీసపు పొగయు ధూళియు పిల్లల మెదడునకు చేటు. ఒకసారి దేహమున చేరినచో త్వరగ వీడదు. అప్పుడు మా మఱది నా పక్షమున మాటలాడెను: మిన్నెసోటా రాష్ట్రపక్షియైన లూన్ అను నీటికోడి, తెగిపడిన సీసపు గుండ్లను రాళ్ళతోపాటు మ్రింగి చచ్చుచున్నదనియు, అందుచేత పలువురు టంగ్‌స్టన్ వంటి యితరలోహములకు మాఱుచున్నారనియు చెప్పెను. మామగారు ఆలోచించి, "పక్షులు సుత తింటయా?" అనిరి. మా విసురువలకు వేఱులోహపు గుండ్లు దొరకలేదు. కడకు బేగంబజారులో పోతపోసిన సీసపు గుండ్లే కొంటిమి. ఇంట కరగించుట మానితిమి. గుండ్లు కట్టిన దినములలో చేతులు సబ్బుతో కడుగుకొనక నీరైనను త్రాగలేదు. పాప నా చాపదరికి రానీయలేదు. మా యింటివారు డాబామీద వల పఱచి కొలిచి, మూడు మీటర్ల వ్యాసార్ధమునకు అంచు దాదాపు పందొమ్మిది మీటర్లనియు, పది సెంటీమీటర్లకొకటిగ నూటతొంబది గుండ్లు వలయుననియు లెక్క కట్టిరి. మామగారు మూరలతో కొలిచి అదే లెక్క చెప్పిరి. గుండ్ల సొమ్ము నేను పాలచిట్టీలో దాచినదానినుండి ఇచ్చితిని. స్టీలు గిన్నె కంటె చాల ఎక్కువైనది.

వల సిద్ధమైనది; వేయుటెక్కడ? సరూరునగరు చెఱువు 1626వ సంవత్సరమున నేర్పడినదందురు. మామగారి చిన్ననాట ఆ నీరు త్రాగుటకును పనికివచ్చెడిదట. ఇండ్లు పెరిగి మురుగు చేరిన పిదప ఆయన వల చుట్టి అటకమీద పెట్టిరి. 2018లో ఎల్బీనగరు వఱకు మెట్రోరైలు వచ్చినప్పటినుండి ఆయన దిల్‌సుఖ్‌నగరుకు కూడ నడచిపోరు. కావున నాగార్జునసాగరు దారిని, ఇబ్రహీంపట్నము దాటి, మా పుట్టినింటి చెఱువునకు పోయితిమి. ఊరి చెఱువులలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘములది. అడుగక వల వేయరాదు. మా అన్న సంఘమువారి నడిగి యుంచెను.

మామగారు మోకాలిలోతు నీట నిలిచిరి. మా యింటివారు వెనుకనుండి నడుము పట్టుకొనిరి. త్రాడు మణికట్టునకు చుట్టి, వలలో మూడవ పాలు మోచేతిమీద వేసికొని, ఒక గుండును పండ్లతో కఱచిపట్టబోయిరి. "మామయ్యా, సీసము!" అని నేను గట్టుమీదనుండి కేక వేసితిని. ఆయన విసుగుతో నావైపు చూచి, భుజముమీద వేసికొని విసరిరి. వల సగమే విచ్చినది. రెండవసారి మా యింటివారు విసరిరి. అది ముద్దగ పడి, గట్టున పిల్లలు పకపక నవ్విరి. మూడవసారి మామగారు ఎవ్వరిని పట్టుకొననీయలేదు. వల గుండ్రముగ విచ్చి, నూటతొంబది గుండ్లును ఒక్కసారి నీటిని తాకినవి. ఆ చప్పుడు నేనెన్నడు వినినది గాదు. నాలుగు జెల్లలు, గుప్పెడు పరకలు పడినవి. పిల్లచేపలను విడిచివేసిరి.

ఆ రాత్రి మా మఱది మంచుమీద జెండా లేచిన చిత్రమును, పట్టిన చేప చిత్రమును పంపెను. మామగారు కండ్లజోడు పెట్టుకొని చాలసేపు చూచి, "దారం మార్చిండు" అనిరి. పిదప తామే ఫోను చేయుమనిరి.

వల నిప్పుడు మంచినీట జాడించి, నీడన ఆఱవేసి, నీచువాసనకు ఎలుకలు రాకుండ దూలమునకు వ్రేలాడదీసితిమి. చెఱువులో రాయి తగిలి మూడు కండ్లు తెగినవి. ఈ ఆదివారము కట్టవలెను. సూదికి దారము పాప చుట్టి పెట్టినది.