గృహవిజ్ఞానము: చేతికి తగిన మర

దమ్మపేటవంటి అడవిసీమయందు కాపురముండువారికి సముద్రముమీది నావ మాట దూరముగా తోచవచ్చును. కాని 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి ‘తారిణి’ యను తెరచాప నావపై బయలుదేరి, భూమండలమును చుట్టి, 2018 మే 21వ తేదీన మరలివచ్చిన నౌకాదళ స్త్రీలార్గురిలో విశాఖపట్టణపు స్వాతిగారును, హైదరాబాదు ఐశ్వర్యగారును మన తెలుగు ఆడుపడుచులే. గాలి నిండిన చాపను వీరు చేతులతో నెట్లు లాగిరని మీరడుగవచ్చును. వించి యను త్రాడుచుట్టు మరయే దానికి సమాధానము.

నూతి గిలక బరువును తగ్గింపదు. లాగు దిక్కును మాత్రమే మార్చును. వించి యన్ననో తిరుగలివంటిది. తిరుగలి పిడి నడిమి కీలమునకు దూరమైనకొలది త్రిప్పుట తేలిక గదా! వించి దిమ్మకు మూడు నాలుగు చుట్లు త్రాడు చుట్టి, పైనున్న పిడిని త్రిప్పుదురు. దిమ్మ నడిమినుండి అంచునకు 2 అంగుళములును, పిడి 10 అంగుళములును ఉన్నచో బలము 5 రెట్లగును. లోపలి పండ్లచక్రములు దానిని మరి 8 రెట్లు పెంచిన 40 రెట్లు. మరను 40వ నంబరుదని చెప్పుటకు అర్థమిదియే.

గాలివేగము రెండింతలైన చాప లాగుడు నాలుగింతలగును. గంటకు 37 కిలోమీటర్ల గాలిలో 40 చదరపు మీటర్ల చాప సుమారు 340 కిలోల బరువుగా లాగును. దానిని 16వ నంబరు మరతో బిగించుటకు చేతికి 21 కిలోల శ్రమ. 40వ నంబరుతో ఎనిమిదిన్నర కిలోలే. రాపిడివలన నిజమునకు మరికొంత యెక్కువ పట్టును.

అట్లని మిక్కిలి పెద్దది కొనరాదు. బలము పెరిగినకొలది త్రాడు మెల్లగా వచ్చును; వెలయు బరువును హెచ్చును. ఒకవైపు త్రిప్పిన వేగమును, ఎదురువైపు త్రిప్పిన బలమును ఇచ్చు రెండు వరుసల మర మేలు. రెండు కొలతల నడుమ సందేహము కలిగినచో పెద్దదానినే యెన్నుకొనవలెను. త్రిప్పునపుడు వ్రేళ్లు, జడ, పైట దిమ్మకు దూరముగా నుంచుకొనవలెను.

మేము ముఖ్యముగా చెప్పదలచినది యొక్కటి. మరను నావలోని బలశాలి చేతినిబట్టి కాక, అర్ధరాత్రి వానలో అలసిన చేతినిబట్టి యెన్నవలెను. మన యిండ్లలో తిరుగలిని, నూతి చేదను, నీళ్ల బిందెను కొనువా రొకరు, మోయువారు వేరొకరు. ఇకమీదట కొనుటకు ముందు మోయు చేతి నడిగినచో ఎన్ని నడుములు నొప్పి తప్పించుకొనునో గదా!