వార్డెన్ సంతకం చాలదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టర్ గారికి,

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మన ఏజెన్సీకి కొత్త కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఒక ప్రయోగాత్మక కార్యక్రమం కింద వేల మంది బాలికలకు వేశారు. 2010లో అది ఆగిపోయింది. టీకా వేసుకున్న కొందరు పిల్లలు చనిపోగా, ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. కానీ 2,763 అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి పార్లమెంటరీ సంఘం నివేదికకెక్కింది. అలాంటి చోట ‘సూది వేశాక పిల్లలు పోయారు’ అన్న మాటను ఏ వివరణా చెరపలేదు.

కాబట్టి మళ్లీ ఈ టీకా వేయించే ముందు కన్నవాళ్లతో మాట్లాడించండి. కరపత్రాలతో పని జరగదు (వాటిని శ్రద్ధగా చదివేది అచ్చు వేయించినవాళ్లే). కోయ భాష వచ్చిన ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కలిసి సాయంత్రం ఇంటికే వెళ్లాలి. పాత గొడవ ఎవరైనా ఎత్తితే దాటవేయకూడదు. ‘రేపు పిల్లలు పుట్టరేమో’ అన్న భయాన్ని అడగకముందే తీర్చాలి. మిరప కోతలప్పుడో తునికాకు సేకరణప్పుడో వెళితే తలుపులకు తాళాలే కనబడతాయి.

బడి మానేసిన పిల్లల జాబితా విడిగా రాయించండి. 9–14 ఏళ్లవాళ్లకు ఒక్క డోసైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. గుట్టల మీది గూడేలకు అదెంతో వెసులుబాటు. సూది తర్వాత పావుగంట కూర్చోబెట్టాలి, కళ్లు తిరగొచ్చు. రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో, సిగ్నల్ లేనిచోట ఎవరింటికి వెళ్లాలో ముందే చెప్పించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భద్రాచలం