ముందోలు సంరక్షణము: సిగ్గును వలదు, సబ్బును వలదు

పెదవి పగిలినచో మన మెవరికిని దాచము. ఇంటిలో ఇంత వెన్న యడిగి రాచుకొందుము. తగ్గకున్నచో పొరుగువారే యొక చిట్కా చెప్పుదురు. అట్టి పగులే పురుషాంగపు కొనను కప్పియుండు చర్మమునకు, అనగా ముందోలునకు, కలిగినచో మాత్రము నోరు మెదపము. నెలల తరబడి దాచి, చేతికందిన దానినెల్ల పూసి, చిన్న బాధను పెద్ద వ్యాధిగా చేసికొందుము. ఈ బాధ ముదురుటకు చర్మము కంటె సిగ్గే యెక్కువ కారణమని మా అభిప్రాయము.

ముందోలు వెలుపలి భాగము సామాన్యమైన చర్మమే. లోపలి భాగము మాత్రము పెదవి లోపలి పొరవలె పలుచనై, మెత్తనై యుండును. సహజమైన చెమ్మయు, కొద్దిపాటి జిడ్డును దానికి రక్ష. సబ్బు ఆ జిడ్డును కడిగివేయును. అంతట ఆ పొర యెండి, ఎఱ్ఱబారి, పొట్టు రేగి, వెనుకకు తీసినప్పుడు చిట్లును. మంట పుట్టగనే మనుష్యుడు అది మురికివలన వచ్చెనని తలచి మరింత సబ్బుతో రుద్దును. రుద్దినకొలది మంట హెచ్చును. మంట హెచ్చినకొలది రుద్దుట హెచ్చును. కొందరు క్రిమినాశక ద్రవమును సైతము నేరుగా పూయుదురు. పెదవి లోపలి వైపును సబ్బుతో తోముకొను వారెవరైన గలరా? ఇచ్చట మాత్ర మా పని యేల చేయవలెను?

శుభ్రత వలదని మా మాట కాదు. బొత్తిగా కడుగనిచో ముందోలు క్రింద తెల్లని మడ్డి పేరుకొని, వాసనయు, వాపును కలుగును. ముందోలు వెనుకకు వచ్చు వయస్సువారు దినమున కొకసారి, నొప్పి లేనంతవరకు దానిని మెల్లగా వెనుకకు తీసి, వట్టి నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, తిరిగి యథాస్థానమునకు తేవలెను. ఇంతియే చాలును. తిరిగి తెచ్చుట మరువరాదు. వెనుకకు పోయిన ముందోలు బిగిసి, కొన వాచి, ముందునకు రాకున్నచో అది అత్యవసర స్థితి. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చర్మ మెండి మండుచున్నచో, కడిగి యద్దిన పిమ్మట వాసన లేని పెట్రోలియం జెల్లీని పలుచగా రాయవచ్చును. అయితే జెల్లీలును, నూనెలును రబ్బరు కండోములను బలహీనపరచునని దంపతు లెరిగియుండవలెను. లోదుస్తులు వదులైన నూలువిగా నుండవలెను. ఉతికినప్పుడు సబ్బుపొడి యేమాత్రము మిగులకుండ జాడింపవలెను. మిరపకాయలు తొడిమలు తీయువారు, పొలములలో మందులు చల్లువారు మూత్రవిసర్జనకు ముందే చేతులు కడుగుకొనవలెను. పగుళ్లు మానువరకు సంగమము మానుట మేలు.

ఇక మందుల అంగడి మాట. రోగి సిగ్గుపడి "దురదకు మందిమ్ము" అనును. అంగడివాడు స్టెరాయిడును, శిలీంధ్రనాశకమును, సూక్ష్మజీవినాశకమును కలిపిన గొట్టము నొకదాని నిచ్చును. రెండు దినములలో మంట చల్లారును. మానిన పిదప ఇనుమడించి వచ్చును. ఇట్లు నెలలపాటు పూసిన స్టెరాయిడు ఆ పలుచని చర్మమును మరింత పలుచన చేయును. శిలీంధ్రమును చంపక దాని రూపమును మరుగుపరచును. 2018లో కేంద్ర ప్రభుత్వము పెక్కు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందులలో చేర్చినది. స్టెరాయిడు చెడ్డ మందు కాదు. కొన్ని చర్మవ్యాధులకు అదియే తగిన చికిత్స. ఏ వ్యాధియో తెలియక వాడుటయే దోషము.

దాచుటవలన కలుగు గొప్ప నష్టము వేరొకటి కలదు. ముందోలు మాటిమాటికి ఎఱ్ఱబారి, దురద పెట్టి, అంచున చీలుచున్నచో, అది మధుమేహమునకు తొలి సూచన కావచ్చును. మూత్రములోని చక్కెరను తిని శిలీంధ్రము పెరుగును. 2023లో ప్రచురింపబడిన ఐ.సి.ఎం.ఆర్. పరిశీలన ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైగా నున్నారు. వారిలో తమకు వ్యాధి యున్నదని యెరుగనివారు పెక్కురు. సిగ్గు విడిచి వైద్యునికడకు పోయినవాడు ఒక రక్తపరీక్షతో తన కన్నులను, మూత్రపిండములను కాపాడుకొనగలడు. దాచినవానికి ఆ అవకాశము జారిపోవును. మధుమేహమునకు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారికిని ఈ బాధ రావచ్చును. ఆ మాత్రలు చక్కెరను మూత్రముద్వారా వెలికి పంపుటయే కారణము. అట్టివారు తమంతట మందు మానక వైద్యునితో చెప్పవలెను.

ముందోలుపై తెల్లని గట్టి మచ్చలు, మునుపు వచ్చుచుండినది వెనుకకు రాకపోవుట, చీము, మానని పుండు, గడ్డ, మూత్రధార సన్నగిల్లుట, వీనిలో ఏది కనబడినను ఇంటి వైద్యము పనికిరాదు. రెండు వారముల శ్రద్ధతో తగ్గని మంటయు నట్టిదే. భార్యకును దురద యున్నచో ఇరువురును చూపించుకొనవలెను.

తల్లులకును, అమ్మమ్మలకును ఒక మనవి. కొన్ని యిండ్లలో మగశిశువునకు నీళ్లు పోయునప్పుడు ముందోలును బలవంతముగ వెనుకకు తీయు అలవాటు కలదు. ఇది తగదు. పుట్టినప్పుడు ముందోలు లోపలి కొన నంటియే యుండును. ఏండ్లు గడచినకొలది తానే విడివడును. 1949లో బ్రిటిషు వైద్యుడు డగ్లస్ గేర్డ్‌నర్ ఈ సంగతిని విశదపరచెను. 1968లో డెన్మార్కు వైద్యుడు యాకబ్ ఓస్టర్ బడిపిల్లలను పరీక్షించి, 6, 7 ఏండ్లవారిలో నూటికి 8 మందికి బిగువుగా నున్న ముందోలు 16, 17 ఏండ్లకు నూటికి ఒక్కరికే మిగులుచున్నదని తెలిపెను. బలవంతముగ లాగినచో పొర చిరిగి, మచ్చ కట్టి, లేని బిగువు వచ్చును. శిశువునకు వెలుపల కడిగిన చాలును.

కుమారుడు యుక్తవయస్కుడగు వేళ తండ్రియే ఈ నాలుగు మాటలు చెప్పవలెను. పండ్లు తోముట నేర్పిన తండ్రికి ఇది నేర్పుటలో నామోషీ యేల? తండ్రి చెప్పనిచో తెలిసీ తెలియని స్నేహితుడు చెప్పును, లేదా గోడమీది "రహస్య వ్యాధుల" ప్రకటన చెప్పును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునికి ఇది రహస్యము కాదు. కన్ను, చెవి వలె దేహమున నొక భాగము. పెదవి పగిలినదని చెప్పినంత సులువుగ ఈ మాటయు చెప్పగలిగిననాడు మన పురుషులకు ఈ బాధలో అధికభాగము తొలగును.