కనిపించని క్యూ

మీరెప్పుడైనా కొత్త సినిమా విడుదలైన రోజున టికెట్టు కోసం క్యూలో నిలబడ్డారా? నిలబడి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. ఎండకు మాడినా, తోపులాటలో చొక్కా చిరిగినా, మన ముందు ఎంతమంది ఉన్నారో మనకు కనిపిస్తూనే ఉంటుంది. టికెట్లు అయిపోతే 'హౌస్‌ఫుల్' బోర్డు పెడతారు. తిట్టుకుంటూ ఇంటికి పోతాం గాని, మోసపోయామని అనుకోం. (పక్క సందులో అవే టికెట్లు బ్లాకులో అమ్ముతుంటే అది వేరే మాట.)

ఇప్పుడు కొత్త సెల్‌ఫోను అమ్మకానికి వచ్చే రోజును చూద్దాం. 2014 సెప్టెంబరు 2న షియోమి కంపెనీ రెడ్‌మీ 1ఎస్ అనే ఫోనును మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్మింది. ధర 5,999 రూపాయలు. 40,000 ఫోన్లు 4.2 సెకన్లలో అమ్ముడుపోయాయని ప్రకటించింది. ఈ వాక్యం చదవడానికి మీకు అంతకంటె ఎక్కువ సేపే పట్టి ఉంటుంది! ముందుగా పేరు నమోదు చేసుకుని, గడియారం చూస్తూ కూర్చున్నవారిలో చాలామందికి దక్కింది 'స్టాకు లేదు' అన్న మాటే. ఇటువంటి అమ్మకాన్ని 'ఫ్లాష్ సేల్' అంటారు.

"ముందు వచ్చినవారికి ముందు ఇచ్చారు, ఇందులో అన్యాయమేముంది?" అని మీరు అడగవచ్చు. తలుపు కనీసం ఒక పూట తెరిచి ఉంచితే అది న్యాయమే. నాలుగు సెకన్లలో ముందు వచ్చేదెవరు? వేగంగా పనిచేసే ఇంటర్నెట్టు ఉన్నవారు, ఏ బటను ఎక్కడుందో చూడకుండానే నొక్కగలిగినవారు. సిగ్నలు సరిగా అందని ఊళ్లో ఉన్న మనిషి, తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి ఎంత ముందు వచ్చినా వెనకే ఉంటారు. దాన్ని క్యూ అనకూడదు, పరుగుపందెం అనాలి.

కంపెనీల ఇబ్బంది నాకు తెలియకపోలేదు. ఫోనుకు కావలసిన చిప్పులు, తెరలు నెలల ముందే ఆర్డరు చేయాలి. ఎక్కువ తయారుచేసి అమ్ముడుపోకపోతే పెట్టుబడి గోదాములో ఇరుక్కుంటుంది, ఈలోగా మరో కొత్త ఫోను వచ్చి ఇది పాతబడుతుంది. కాబట్టి మొదటిరోజు సరుకు చాలకపోవడాన్ని నేను తప్పుపట్టను. కొరతనే ప్రకటనగా వాడుకోవడం నాకు నచ్చదు. "క్షణాల్లో అయిపోయింది" అన్న మాట మర్నాటి పత్రికల్లో వస్తే, అంతకుముందు ఆ ఫోను పేరు వినని వారికి కూడా ఆశ పుడుతుంది. కొనలేకపోయినవారి నిరాశ అమ్మేవారికి పెట్టుబడి అవుతుందన్నమాట.

కోరేవారు సరుకుకు మించినప్పుడు ఏం చేయాలి? 2017లో వచ్చిన జియోఫోను సంగతి చూడండి. దానికి 1,500 రూపాయలు డిపాజిట్టు. ఆగస్టు 24న బుకింగు మొదలైంది. ముందు 500 కట్టాలి, మిగతా వెయ్యి ఫోను చేతికి వచ్చినప్పుడు ఇవ్వాలి. ఆ సాయంత్రం చాలామందికి వెబ్‌సైటు తెరుచుకోనేలేదు. ఇది ఊహించలేని ఇబ్బంది కాదు, ఏర్పాటులో లోపమే. అయితే రెండు పనులు మెచ్చుకోదగినవి. దుకాణాల్లో కూడా బుకింగు తీసుకున్నారు, కనుక ఇంటర్నెట్టు తెలియనివారికి దారి మూసుకుపోలేదు. దాదాపు 60 లక్షల బుకింగులు రాగానే, ఆగస్టు 26న, ఇక చాలని ఆపేశారు. ఇవ్వగలిగినంతకే డబ్బు తీసుకోవడం అమ్మేవారికి ఉండవలసిన మొదటి లక్షణం అని నా అభిప్రాయం.

దుకాణం ముందు జరిగే అమ్మకం కూడా చెడిపోవచ్చు. 2012 జనవరి 13న చైనా రాజధాని బీజింగులో ఐఫోను 4ఎస్ కోసం రాత్రంతా చలిలో జనం నిలబడ్డారు. వారిలో ఎక్కువ ధరకు అమ్ముకునే దళారులు కూలికి తెచ్చి నిలబెట్టినవారు కూడా ఉన్నారు. గుంపును చూసి భయపడి యాపిల్ దుకాణం తలుపు తెరవలేదు. కోపం వచ్చిన జనం అద్దాల మీద కోడిగుడ్లు విసిరారు. దరిమిలా బీజింగు, షాంఘై నగరాల్లోని తన దుకాణాల్లో ఆ ఫోను అమ్మకాన్ని కంపెనీ కొంతకాలం ఆపేసింది. అదే నెలలో హాంకాంగులో మాత్రం పేర్లు నమోదు చేసుకుని లాటరీ తీసే పద్ధతి పెట్టింది. అదృష్టం మీద ఆధారపడటం నాకు అంతగా నచ్చదు గాని, కూలివాళ్లను తెచ్చి నిలబెట్టేవాడి కంటె చీటీ నయం.

అన్నిటికంటె నాకు నచ్చింది వరుస సంఖ్య పద్ధతి. 2021 జులై 16న అమెరికాలోని వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రానికి బుకింగు పెట్టింది. మనిషికి ఒక్కటే. 5 డాలర్లు కట్టాలి, వద్దనుకుంటే తిరిగి ఇస్తారు. మొదటి రెండు రోజులు కంపెనీ దగ్గర అంతకుముందే ఏదైనా కొన్న పాత ఖాతాదారులకే అవకాశం, కనుక దళారులు అప్పటికప్పుడు వందల ఖాతాలు తెరిచి లాభం లేదు. మొదటి గంటల్లో అక్కడ కూడా కంప్యూటర్లు తడబడ్డాయి. డిసెంబరులో ఇస్తామన్న యంత్రాన్ని 2022 ఫిబ్రవరికి జరిపారు కూడా. కాని ఆలస్యాన్ని ముందే చెప్పారు, వరుస మాత్రం మార్చలేదు. వంతు రాగానే ఉత్తరం పంపి, కొనడానికి మూడు రోజుల గడువు ఇచ్చారు. కరెంటు పోయినవాడికి, పొలం పనికి వెళ్లినవాడికి ఆ మూడు రోజులు ఎంత విలువైనవో మీకు వేరే చెప్పనక్కరలేదు.

వరుస సంఖ్య మనకు కొత్త కాదు. ఒకప్పుడు బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు మీ ఇంట్లో పెద్దవారికి గుర్తుండవచ్చు. వంతు వచ్చాక ఆ బండిని అంతకంటె ఎక్కువ ధరకు అమ్ముకున్నవారూ ఉన్నారు. కాబట్టి వరుస ఉన్నంత మాత్రాన సరిపోదు, అది పేరు మారకుండా ఉండాలి.

ఈసారి ఏదైనా కొత్త వస్తువుకు మీరు బుకింగు డబ్బు కట్టేటప్పుడు, నా వరుస సంఖ్య ఎంత, వస్తువు రాకపోతే డబ్బు ఏ తేదీకి తిరిగి ఇస్తారు అని అడగండి. జవాబు రసీదు మీద రాయించుకుని దాచుకోండి. చెప్పిన తేదీ దాటినా డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అప్పుడు వారు మిమ్మల్ని ముందుగా అడిగేవి ఆ రసీదులోని వివరాలే.